కర్సర్ ఎక్కడుందో ఆ మౌస్‌కే తెలియదు: సూపర్ నింటెండో మౌస్ కథ

2025 జులై చివర్లో నింటెండో తన పాత ఆట మారియో పెయింట్‌ని స్విచ్ ఆన్‌లైన్ సభ్యులకు అందుబాటులోకి తెచ్చింది. అంతకు ముందు నెలే, జూన్ 5న, దాని కొత్త గేమ్ కన్సోల్ స్విచ్ 2 మార్కెట్లోకి వచ్చింది. దాని జాయ్‌కాన్‌ని, అంటే చేత్తో పట్టుకునే కంట్రోలర్‌ని, పక్కకు తిప్పి బల్ల మీద పెట్టి జరిపితే మౌస్‌లా పనిచేస్తుంది. ఈ రెండూ కలిసేసరికి 33 ఏళ్ల కిందట మారియో పెయింట్‌తో పాటు వచ్చిన ఓ చిన్న ప్లాస్టిక్ మౌస్ గురించి మళ్లీ అందరూ మాట్లాడటం మొదలుపెట్టారు. దాంతో పాటే పాత ప్రశ్నలూ వచ్చాయి. ఆ మౌస్ ఇప్పటి టీవీలో పనిచేస్తుందా? ఇంట్లో ఉన్న కంప్యూటర్ మౌస్‌కి చిన్న పిన్ను తగిలించి పాత కన్సోల్‌లో పెట్టొచ్చా? ఎమ్యులేటర్‌లో, అంటే పాత కన్సోల్‌లా నటించే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో, ఆడితే కర్సర్ ఎందుకలా పిచ్చిగా పరిగెడుతుంది?

ఇవి వేరువేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ మూలం దాదాపు ఒకటే. మౌస్ అనగానే అది తెర మీద ఒక చోటును చూపించే వస్తువు అనుకుంటాం. ఈ మౌస్‌కి తెర అనేది ఒకటుందనే తెలియదు. అది చెప్పేది "నువ్వు పోయినసారి అడిగిన తర్వాత నేను ఇంత కదిలాను" అన్న ఒక్క మాట. ఆ మాట ఎలా పుడుతుందో, ఏ భాషలో వెళ్తుందో తెలిస్తే చిక్కుముళ్లలో సగం పైగా విడిపోతాయి.

1992లో కన్సోల్‌కి మౌస్ ఎందుకు

జపాన్‌లో సూపర్ ఫామికామ్ అని, అమెరికా, ఐరోపాల్లో సూపర్ నింటెండో అని అమ్మిన కన్సోల్ ఒక్కటే. దానికి 1992లో మౌస్ వచ్చింది, మారియో పెయింట్‌తో కలిపి ఒకే పెట్టెలో, గట్టి ప్లాస్టిక్ మౌస్ ప్యాడ్‌తో సహా. బొమ్మలు గీయడం, చిన్న యానిమేషన్లు చేయడం, స్వరాలు పేర్చి పాట కట్టడం, మధ్యలో తెర మీద ఎగిరే ఈగల్ని కొట్టే ఒక ఆట, ఇదీ ఆ కార్ట్రిడ్జ్‌లో ఉన్నది. పాట కట్టే పేజీలో ఒక్కో నిలువు వరుసలో మూడు స్వరాలకు మించి పెట్టలేం, షార్ప్‌లూ ఫ్లాట్‌లూ లేవు. అయినా ఆ హద్దుల్లోనే జనం ఎన్నో పాటలు కట్టారు, ఇప్పటికీ కడుతున్నారు. పొరపాటున గీసిన గీతను వెనక్కి తీసుకునే బటన్ ఒక కుక్క బొమ్మ, పేరు అన్‌డూడాగ్. 2015లో వచ్చిన సూపర్ మారియో మేకర్‌లో ఆ కుక్కని మళ్లీ చూసి మురిసిపోయినవాళ్లు చాలామంది.

ఇదంతా నాలుగు దిక్కుల బటన్‌తో చేయడం నరకం. వంపు గీత గీయాలంటే చేయి స్వేచ్ఛగా తిరగాలి. మౌస్ అవసరం అక్కడ పుట్టింది.

లోపల ఉన్నది బంతి

2000ల తొలినాళ్లలో మన ఊళ్లలో నెట్ సెంటర్‌కి వెళ్లినవాళ్లకి ఈ భాగం వివరించక్కర్లేదు. కర్సర్ మొరాయించగానే మౌస్ తిరగేసి, అడుగున ఉన్న గుండ్రటి మూతని బొటనవేలితో తిప్పి, బరువైన రబ్బరు బంతిని అరచేతిలోకి తీసి, లోపలి సన్నటి రోలర్ల మీద ఉంగరంలా అట్టకట్టిన నల్లటి మురికిని గోరుతో గీకేవాళ్లం. బంతిని చొక్కాకి తుడిచి మళ్లీ వేస్తే అదే మౌస్ కొత్తదానిలా నడిచేది. సూపర్ నింటెండో మౌస్ సరిగ్గా ఆ జాతిదే.

బంతి దొర్లితే దానికి ఆనుకున్న రెండు రోలర్లు తిరుగుతాయి, ఒకటి అడ్డం కదలికకి, ఇంకొకటి నిలువు కదలికకి. ఒక్కో రోలర్ చివర చీలికలున్న చిన్న చక్రం ఉంటుంది. దానికి ఒక పక్క కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ దీపం, రెండో పక్క కాంతిని పట్టే సెన్సర్లు. చక్రం తిరిగేకొద్దీ కాంతి ఆగుతూ వస్తూ ఉంటుంది. ఎన్నిసార్లు ఆగిందో లెక్కపెడితే ఎంత కదిలిందో తెలుస్తుంది. మరి ఏ వైపు? సెన్సర్లు రెండుంటాయి, ఒకదానికంటే ఇంకొకటి కాస్త పక్కకు జరిగి ఉంటుంది. వెలుగు ముందు ఏ సెన్సర్‌ని తాకిందో చూస్తే చక్రం ముందుకు తిరిగిందా వెనక్కి తిరిగిందా తెలిసిపోతుంది.

అంటే ఈ పరికరంలో కెమెరా లాంటిదేమీ లేదు. బంతి తన బరువుతో కింద ఉన్న ప్యాడ్‌ని ఒత్తుకుని దొర్లాలి, అప్పుడే లెక్క. ఎత్తి పట్టుకుని కదిపినా, ఒడిలో మెత్తటి గుడ్డ మీద పెట్టినా సరిగా నడవదు. ఈ చిన్న విషయం తర్వాత పెద్దదవుతుంది, గుర్తుంచుకోండి.

కరెంటు మీటరు లెక్క

ఇంటి కరెంటు మీటరులో మొత్తం రీడింగ్ ఉంటుంది. బిల్లు వేసేది మాత్రం పోయిన నెల రీడింగ్‌కీ ఈ నెల రీడింగ్‌కీ ఉన్న తేడా మీద. మౌస్ ఆ తేడాని మాత్రమే చెప్పే మీటరు అనుకోండి. కన్సోల్ అడుగుతుంది, మౌస్ అప్పటిదాకా పోగైన లెక్క చెప్పేసి తన లెక్కని సున్నా చేసుకుంటుంది. అమెరికా, జపాన్ కన్సోల్‌లో తెర సెకనుకి దాదాపు 60 సార్లు మారుతుంది, ఐరోపా దానిలో 50 సార్లు. ఆట సాధారణంగా తెర మారిన ప్రతిసారీ ఒకసారి అడుగుతుంది.

వచ్చిన తేడాని పాత చోటుకి కలిపి కర్సర్‌ని కొత్త చోట గీయడం పూర్తిగా ఆట పని. కర్సర్ అంచు దాటకుండా ఆపడం కూడా ఆటే చూసుకోవాలి. తెర అంచుకి తగిలాక మీరు మౌస్‌ని ఇంకో అంగుళం తోసినా మౌస్ ఆ అంగుళాన్ని నిజాయితీగా చెబుతుంది, ఆట దాన్ని పక్కన పడేస్తుంది.

ప్యాడ్ మాట 16 బిట్లు, మౌస్ మాట 32

సూపర్ నింటెండో ప్యాడ్ (మౌస్ కింద పెట్టేది కాదు, చేత్తో పట్టుకుని బటన్లు నొక్కేది) సంగతి ముందు చూద్దాం. కన్సోల్ ఒక సంకేతం ఇస్తుంది, "ఇప్పుడున్న స్థితిని పట్టి ఉంచు" అని. దీన్ని లాచ్ అంటారు. తర్వాత క్లాక్ తీగ మీద ఒక్కో తట్టు తడుతుంది, తట్టుకొకటి చొప్పున ప్యాడ్ ఒక్కో బిట్, అంటే 0 గానీ 1 గానీ, చెబుతుంది. మొదటి 12 బిట్లు 12 బటన్లకి: బి, వై, సెలెక్ట్, స్టార్ట్, నాలుగు దిక్కులు, ఏ, ఎక్స్, ఎల్, ఆర్. చివరి 4 బిట్లు తగిలించిన పరికరం ఏమిటో చెప్పే గుర్తు. మామూలు ప్యాడ్ అయితే 0000, మౌస్ అయితే 0001.

మౌస్ కూడా ఇదే తీగల మీద, ఇదే పద్ధతిలో మాట్లాడుతుంది, కాకపోతే 16 దగ్గర ఆగదు, 32 దాకా చెబుతుంది. కన్సోల్‌లోని హార్డ్‌వేర్ తనంతట తాను చదివి పెట్టేది మొదటి 16 మాత్రమే. మిగిలిన 16 కావాలంటే ఆట రాసినవాళ్లు ప్రత్యేకంగా ఒక్కో బిట్ అడిగి తెచ్చుకునేలా ప్రోగ్రామ్ రాయాలి. మౌస్ కోసం రాయని ఆటకి మౌస్ కదలిక ఎప్పటికీ ఎందుకు చేరదో ఇక్కడ తెలుస్తుంది. కదలిక మొత్తం ఆ రెండో సగంలోనే ఉంది.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఎడమ బటన్ నొక్కి పట్టుకుని మౌస్‌ని కాస్త కుడికి, కొంచెం పైకి జరిపారు. కుడికి 5 లెక్కలు, పైకి 3 లెక్కలు. వేగం మధ్య మెట్టులో ఉంది (మెట్ల సంగతి కాసేపట్లో). అప్పుడు వెళ్లే మాట ఇది:

00000000 01010001 10000011 00000101

మొదటి ఎనిమిది ఎప్పుడూ సున్నాలే. రెండో గుంపులో మొదటి 0 కుడి బటన్ నొక్కలేదని, తర్వాతి 1 ఎడమ బటన్ నొక్కి ఉందని, ఆ పైన 01 వేగం మధ్య మెట్టని, చివరి 0001 "నేను మౌస్‌ని" అని. మూడో గుంపు నిలువు కదలిక: మొదటి 1 అంటే పైకి, మిగిలిన 0000011 అంటే 3. నాలుగో గుంపు అడ్డం కదలిక: మొదటి 0 అంటే కుడికి, 0000101 అంటే 5.

దిక్కు చెప్పడానికి ఒక బిట్, దూరానికి ఏడు బిట్లు. కాబట్టి ఒకసారి అడిగినప్పుడు మౌస్ చెప్పగలిగే అతి పెద్ద దూరం 127. ఈ అంకెతో కాసేపట్లో పని పడుతుంది.

మరి మౌస్ సంగతి తెలియని, పరికరం గుర్తు కూడా చూడని ఒక పాత ఆటలో మౌస్ పెడితే? ప్యాడ్ వరుసతో పోల్చి చూడండి, జవాబు దొరుకుతుంది. తొమ్మిదో బిట్ ప్యాడ్‌లో ఏ బటన్‌ది, మౌస్‌లో కుడి బటన్‌ది. పదోది ప్యాడ్‌లో ఎక్స్, మౌస్‌లో ఎడమ బటన్. అంటే కుడి క్లిక్ ఏ లాగా, ఎడమ క్లిక్ ఎక్స్ లాగా పనిచేస్తాయి. వేగం మధ్య మెట్టులో ఉంటే పన్నెండో బిట్ 1 కాబట్టి ఆర్ బటన్ ఎవరో నొక్కి పట్టుకున్నట్టు ఆటకి కనిపిస్తుంది. ఎనిమిది సున్నాల వల్ల దిక్కులూ స్టార్టూ మాత్రం ఎప్పుడూ నొక్కనట్టే. మౌస్ తగిలించి మెనూ దగ్గరే ఇరుక్కుపోయామని చెప్పేవాళ్ల సమస్య చాలావరకు ఇదే, మౌస్ పాడైపోలేదు.

వేగానికి మీట ఎక్కడా లేదు

ఈ మౌస్ మీద వేగం మార్చే మీట ఉండదు. మెట్లు మాత్రం మూడున్నాయి. వాటిని మార్చేది ఆట. లాచ్ సంకేతం ఇస్తూనే, అది ఇంకా పూర్తికాకముందే, క్లాక్ తట్టు తడితే మౌస్ ఒక మెట్టు మారుతుంది: నెమ్మది, మధ్య, వేగం, మళ్లీ నెమ్మది. ఏ మెట్టులో ఉందో మనం చూసిన ఆ రెండు బిట్లలో తిరిగి చెబుతుంది.

నెమ్మది మెట్టులో లెక్క సూటిగా ఉంటుంది, అంగుళానికి 50. సూపర్ నింటెండో ఆటలు మామూలుగా వాడే తెర 256 పిక్సెళ్ల వెడల్పు, 224 ఎత్తు. ఒక లెక్కకి కర్సర్ ఒక పిక్సెల్ కదులుతుందనుకుంటే ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లడానికి చేయి ఐదు అంగుళాల పైన జరగాలి. చిన్న మౌస్ ప్యాడ్ మీద అది కాస్త ఎక్కువే. పై రెండు మెట్లలో మౌస్ ఏం చేస్తుందంటే, చేయి మెల్లగా కదిలితే దాదాపు ఉన్నది ఉన్నట్టు చెబుతుంది, విసురుగా కదిలితే పెంచి చెబుతుంది. గీత గీస్తున్నప్పుడు పట్టు ఉంటుంది, ఈగని కొట్టడానికి ఉరికినప్పుడు కర్సర్ కూడా ఉరుకుతుంది. ఇంత తక్కువ వనరులతో ఇంత ఆలోచన చేసినవాళ్ల మీద నాకు గౌరవం కలిగేది ఇక్కడే.

ఎల్‌సీడీ టీవీలో పనిచేయదన్న మాట ఎలా వచ్చింది

మౌస్ పనిచేస్తుంది. ఈ గందరగోళానికి కారణం అదే ఏడాది వచ్చిన ఇంకో పరికరం, సూపర్ స్కోప్ అనే భుజం మీద పెట్టుకునే తుపాకీ. పాత డబ్బా టీవీలో చిత్రం ఒకేసారి రాదు, ఎలక్ట్రాన్ కిరణం ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి గీతలు గీసుకుంటూ పోతుంది. తుపాకీ గురిపెట్టిన చోటుకి ఆ కిరణం ఏ క్షణాన వచ్చిందో పట్టుకుని, దాన్ని బట్టి కన్సోల్ చోటుని లెక్కగడుతుంది. ఎల్‌సీడీలో అలా పరిగెత్తే కిరణమే లేదు, అందుకే తుపాకీకి దారి దొరకదు.

మౌస్‌కి తెరతో సంబంధమే లేదని మొదట్లోనే అనుకున్నాం కదా. డబ్బా టీవీ అయినా, ఎల్‌ఈడీ అయినా, ప్రొజెక్టర్ అయినా దానికి ఒకటే. ఒక తేడా మాత్రం నిజం. కొత్త టీవీలు చిత్రాన్ని మెరుగుపరచడానికి కొంత సమయం తీసుకుంటాయి, చేయి కదిలాక కర్సర్ కదలడం క్షణం ఆలస్యమవుతుంది. ప్యాడ్‌తో ఆడేటప్పుడు సర్దుకుపోయే ఈ ఆలస్యం మౌస్ దగ్గర ఇట్టే తెలిసిపోతుంది, ఎందుకంటే చేతి కదలికనీ కర్సర్ కదలికనీ కన్ను పక్కపక్కన పోల్చుకుంటూ ఉంటుంది.

యూఎస్‌బీ మౌస్‌కి పిన్ను మార్చితే చాలదా

చాలదు. పిన్ను ఆకారం సమస్యే కాదు, భాష వేరు. యూఎస్‌బీ మౌస్‌ని పలకరించి, నువ్వెవరని అడిగి, దాని జవాబుని అర్థం చేసుకునే యంత్రం అవతల ఉండాలి. పాత కన్సోల్‌కి తెలిసింది లాచ్, క్లాక్ అంతే. కాబట్టి మధ్యలో చిన్న చిప్ ఉన్న కన్వర్టర్ తప్పదు. అది ఒక పక్క యూఎస్‌బీ వింటుంది, రెండో పక్క మనం చూసిన 32 బిట్లు చెబుతుంది.

దీనికి పూర్తి వ్యతిరేక ఉదాహరణ అంతకు ముందు తరం నింటెండో, అంటే ఎన్‌ఈఎస్. దాని ప్యాడ్ కూడా లాచ్, క్లాక్ పద్ధతిలోనే మాట్లాడుతుంది. అక్కడ పిన్ను ఆకారమే తేడా, తీగలు సరిగ్గా కలిపితే సూపర్ నింటెండో మౌస్ మాట ఆ కన్సోల్‌కి చేరుతుంది, ఆ మాట వినేలా రాసిన ఆట ఉంటే చాలు. మన దగ్గర తొంభైల్లో టీవీ గేమ్ అని ఇళ్లకి వచ్చిన సెట్లలో చాలా భాగం ఆ ఎన్‌ఈఎస్ కుటుంబానికి నకళ్లే.

కన్వర్టర్ వాడేవాళ్లు ఎదుర్కొనే ఇంకో చిక్కు ఇప్పుడు లెక్క వేసి చూద్దాం. ఇప్పటి మామూలు మౌస్ అంగుళానికి 800 లెక్కలు చెబుతుందనుకోండి. పాతది చెప్పేది 50. అంటే 16 రెట్లు. ఉన్నది ఉన్నట్టు పంపితే 256 పిక్సెళ్ల తెర దాటడానికి అంగుళంలో మూడో వంతు కదలిక చాలు. గీత కాదు కదా, బటన్ మీద గురి కూడా కుదరదు.

అక్కడితో అయిపోలేదు. ఒకసారికి 127 మించి చెప్పలేమన్నది గుర్తుందా? పాత మౌస్ నెమ్మది మెట్టులో 127 దాటాలంటే సెకనులో అరవయ్యో వంతు సమయంలో చేయి రెండున్నర అంగుళాలు పోవాలి, అంటే సెకనుకి 150 అంగుళాల పైన. మామూలుగా ఆడేటప్పుడు ఎవరి చేయీ అలా కదలదు. 800 లెక్కల మౌస్‌కి మాత్రం సెకనుకి తొమ్మిదిన్నర అంగుళాల దగ్గరే హద్దు తగులుతుంది, అది మామూలు కదలికే. ఆ పైన పోగైనదంతా కన్వర్టర్ పారేస్తే చేయి ఎక్కువ పోతుంది, కర్సర్ తక్కువ పోతుంది, మళ్లీ అదే చోటుకి చేతిని తెచ్చినా కర్సర్ పాత చోటుకి రాదు. అందుకే మంచి కన్వర్టర్ ముందుగా లెక్కని భాగించి పంపుతుంది.

ఎమ్యులేటర్‌లో కర్సర్ పరుగులకీ ఇదే కథ. కంప్యూటర్ తన వంతుగా మౌస్ వేగాన్ని పెంచుతుంది, ఆ పెంచిన అంకెని ఎమ్యులేటర్ పాత మౌస్ భాషలోకి మార్చి ఆటకి ఇస్తుంది. అలా పెరిగిన కదలికే తెర మీద పరుగులా కనిపిస్తుంది. ఇక మౌస్ అసలు కదలకపోతే, కన్సోల్‌కి పిన్ను పెట్టే ఆ పోర్టులో ప్యాడ్ ఉన్నట్టు ఎమ్యులేటర్ నటిస్తోందని అర్థం. గుర్తు 0000 వెళ్తోంది, మౌస్ లేదని ఆట అనుకుంటోంది. మారియో పెయింట్ మౌస్‌ని మొదటి పోర్టులో వెతుకుతుంది, సూపర్ స్కోప్ స్థానమేమో రెండో పోర్టు. ఈ రెండింటినీ కలగలిపేసుకోవడం చాలా మామూలు.

అసలు బంతి మౌసా, కొత్తదా

ఇక్కడ అభిప్రాయాలు చీలిపోతాయి, రెండు వైపులా సరుకుంది. బంతి మౌస్‌తోనే ఆడాలనేవాళ్లు అనేది ఏమిటంటే, ఆట వేగం, ఈగలు ఎగిరే తీరు, బటన్ల సైజు అన్నీ ఆ బంతి బరువుని, ఆ మూడు మెట్లని దృష్టిలో పెట్టుకుని అమర్చినవి. వేగం పెంచే ఆ తీరు కన్వర్టర్లలో అచ్చంగా రాకపోవచ్చు. పైగా వాళ్లకి ఆ బంతి దొర్లే చిన్న శబ్దం కూడా ఆటలో భాగమే.

అటువైపు వాళ్లు చెప్పేదీ తీసిపారేసేది కాదు. ముప్పై ఏళ్ల రబ్బరు గట్టిపడుతుంది, రోలర్ల మీద జారుతుంది, తీగ మెడ దగ్గర తెగుతుంది. 1992లో ఒక పిల్లాడికి అందిన అనుభవం కొత్త మౌస్‌ది, అరిగిపోయినది కాదు. నున్నగా నడిచే ఆప్టికల్ మౌసే ఆ తొలి రోజు అనుభవానికి దగ్గర అని వాళ్ల వాదన. హైపర్‌కిన్ లాంటి కంపెనీలు పాత కన్సోల్ పిన్నుతోనే ఆప్టికల్ మౌస్ తయారుచేసి అమ్మడం వెనక ఉన్నది ఈ అవసరమే. నా మటుకు నాకు, గీత గీయడానికి కొత్తది, ఆ వస్తువుని అర్థం చేసుకోవడానికి పాతది మేలనిపిస్తుంది. పాతదాన్ని ఒకసారి విప్పి, చక్రం చీలికల్లోంచి వెలుతురు చూసినవాళ్లకి పైన రాసిన బిట్లన్నీ ఇక మర్చిపోలేనివి.

ఇంత మంచిది ఎందుకు నిలబడలేదు

ఆటలు లేవన్నది తరచూ వినిపించే కారణం. అది పూర్తిగా నిజం కాదు. లెమ్మింగ్స్ 2, సిమ్‌యాంట్, ఆర్కనాయిడ్, వుల్ఫెన్‌స్టీన్ 3డీ లాంటివి మౌస్‌ని అంగీకరించాయి. జపాన్‌లో మాత్రమే 1993లో వచ్చిన మారియో అండ్ వారియో అయితే మౌస్ కోసమే పుట్టింది. అయితే ఎక్కువ ఆటలు మౌస్‌ని ఐచ్ఛికంగానే ఉంచాయి. అందరి దగ్గరా ప్యాడ్ ఉంటుంది, మౌస్ కొందరి దగ్గరే. ఆ కొందరి కోసం మొత్తం ఆటని మార్చేందుకు తయారీదార్లకి ధైర్యం చాలలేదు. ఆటలు లేక మౌస్ కొనలేదా, మౌస్ కొనక ఆటలు రాలేదా అంటే, రెండూ ఒకదాన్నొకటి వెనక్కి లాగాయి. సెగా తన మెగా డ్రైవ్‌కి, సోనీ 1994లో ప్లేస్టేషన్‌కి మౌస్‌లు తెచ్చాయి. ఒక్కోదానికి ఒక్కో పిన్ను, ఒక్కో భాష. వాటి గతీ దాదాపు ఇంతే.

ఇంకో కారణం ఆట గురించి కాదు, గది గురించి. కంప్యూటర్ ముందు బల్ల ఉంటుంది. టీవీ ముందు చాప ఉంటుంది, మంచం ఉంటుంది, సోఫా ఉంటుంది. బంతి మౌస్‌కి గట్టిగా, చదునుగా ఉన్న చోటు కావాలి, లేకపోతే బంతి రోలర్లకి ఆనదు. పెట్టెలో ప్లాస్టిక్ ప్యాడ్ ఇచ్చింది అందుకే, దాన్ని నేల మీద పెట్టి బోర్లా పడుకుని ఆడినవాళ్లే ఎక్కువ. నడుం నొప్పి పుట్టేదాకా ఆడొచ్చు గానీ రోజూ ఆడలేం.

స్విచ్ 2 జాయ్‌కాన్‌లో బంతి లేదు, అంచున ఆప్టికల్ సెన్సర్ ఉంది. సోఫాలో కూర్చుని తొడ మీద, ప్యాంటు గుడ్డ మీదే దాన్ని జరుపుతూ మారియో పెయింట్‌లో గీతలు గీస్తున్నారు జనం. 1992లో ఆ మౌస్‌కి కావలసిన బల్ల ఇప్పుడు అవసరం లేదు.